మెడ మీది నలుపు

మేట్టుపాళయం,
8-7-2024, సోమవారం.

పట్టమ్మాళ్‌కు,

తొమ్మిదేండ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ముందు రాస్తాను. బాగున్నావా అని అడగడం తర్వాత చూసుకొందాం. మీ వదిన అంబుజం పోయిన పదహారో దినాన, పందిట్లో నలభై మంది ఆకుల ముందు కూర్చొని ఉండగా, నువ్వు సాంబారు గిన్నె కింద పెట్టి నా మొగం చూసి, "పెట్టి పెట్టి వదినను చంపింది నువ్వే అన్నా" అన్నావు. ఒక్కడూ నిన్ను వారించలేదు. నేను చెయ్యి కడుక్కొని లేచిపోయినాను. నా పెండ్లాం కర్మాంతరపు అన్నం నేను తినలేదు. ఆనాటి నుండి నీ ఇంటి మెట్టు తొక్కలేదు. నీ పేరు నా నోట రాలేదు.

ఇప్పుడు రాయవలసి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఫోనులో నాకు సరిగా వినపడదు. వినపడినా నువ్వు మాటకు మాట అంటావు. నా కొడుకు గుణశేఖర్‌కూ కోడలు కయల్విళికీ తమిళ బడి చదువు, తెలుగు నోటితో వస్తుంది, కంటితో రాదు. నాయన సుబ్బరాయలు పలక పెట్టి నేర్పింది మనిద్దరికే. అందుకే ఈ కాగితం నా మనవరాలి సంచిలో పెట్టి పంపుతున్నాను. ఎవరు తీసినా చదవలేరు.

నువ్వు బాలవాడి టీచరు పని నుండి రిటైరై, ఇంటి ముందు గదిలో డేకేర్ పెట్టి, బడి విడిచిన పిల్లలను సాయంత్రం దాకా చూసుకొంటున్నావని నేను విన్నదే. నా ఇంటి పిల్ల అక్కడికి వస్తుందని మాత్రం అనుకోలేదు. జూన్‌లో వాళ్ళిద్దరూ నన్ను ఒక మాట అడగకుండా నా మనవరాలు ఇలక్కియను నీ దగ్గర చేర్చినారు. వాడికి గోడౌన్ పని, ఆమెకు మందుల పాకింగు. ఇద్దరూ ఇల్లు చేరేసరికి ఏడవుతుంది, నిజమే. అయితే నేను ఇంట్లో మనిషిని లేనా? అదే అడిగితే, "నీకు కష్టం నాయనా" అన్నాడు. ముప్పై ఏండ్లు మిల్లులో నూలు మెషిన్ల ముందు నిలబడినవాడికి తొమ్మిదేండ్ల పిల్లను చూసుకోవడం కష్టమంట.

సరే, అది పోనీ. మొన్న శుక్రవారం పిల్ల సంచిలో ఒక క్రీమ్ బన్ను, రెండు జాంగిరీలు కట్టి పెట్టినాను. సాయంత్రం ఆ పొట్లం కట్టిన దారం కూడా విప్పకుండా తిరిగి వచ్చింది. దాని మీద చీటీ, "బయటి తిండి ఇక్కడ వద్దు" అని. మిల్లు సమ్మె కాలం నీకు జ్ఞాపకం ఉందా? కంపెనీ పక్షం పోయినవాళ్ళ ఇంటి నుండి పండగ పలహారం వస్తే, మన మిల్లు ఇళ్ళ లైనులో అందరూ పొట్లం విప్పకుండా తిప్పి పంపేవాళ్ళం. తిట్టడం కంటే అది పెద్ద అవమానం. అప్పుడు పావడ కట్టుకొని ఆ పొట్లాలు ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చింది నువ్వే. అంత తెలిసినదానివి నా చేతి పొట్లాన్ని తిప్పి పంపినావు.

పిల్ల ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చొనే నిద్ర తూలుతున్నది. ఏమే అంటే, అవ్వ ఇంట్లో పరుగులాట అంటున్నది. దాని ఒళ్ళు భారం ఒళ్ళు. దాన్ని పరుగెత్తించే హక్కు నీకు ఎవరిచ్చినారు? ఆకలితో ఉంచి, ఆపైన పరుగెత్తించేదానికా డేకేర్ అని పేరు?

నీ అన్న అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

సు. విజయరంగన్.


లాస్‌పేట,
10-7-2024.

అన్నకు,

నీ చేతిరాత ఇన్నేండ్లకు చూసినాను. ఇప్పటికీ అంత గట్టిగానే నొక్కి రాస్తున్నావు. కాగితం వెనక వేలు పెడితే అక్షరం తగులుతున్నది.

పొట్లం సంగతి ముందు చెప్తాను. సమ్మె కాలం నా తలకు తట్టలేదు. తట్టి ఉంటే నేనే ఎవరి చేతనైనా చెప్పి పంపేదాన్ని. ఇక్కడ పదహారు మంది పిల్లలు. ఒకరి సంచిలో జాంగిరి ఉంటే మిగిలిన పదిహేను మంది ఆ సంచినే చూస్తా కూర్చొంటారు. నీ చేతిది పారేయడానికి మనసు రాలేదు. పెట్టడానికీ లేదు. అందుకే తిరిగి పంపినాను. ఎవరి ఇంటి నుండి ఏది వచ్చినా అంతే. బ్యాంకు మేనేజరు కూతురు చాక్లెట్లూ అట్లే తిరిగిపోతాయి.

పిల్లను ఆకలితో ఉంచుతున్నానన్నావు. నాలుగింటికి వస్తారు, కాళ్ళూ చేతులూ కడుక్కొంటారు, నీళ్ళు తాగుతారు. మా వంటామె తిలగం ఉడికించి తాలింపు పెట్టిన శనగల సుండలో, పెసల సుండలో, వేరుశనగలో, ఒక జామకాయ ముక్కో, అరటిపండో కడుపు నిండా పెడుతుంది. కావాలంటే ఇంకోసారి అడిగి తింటారు. ఎండ తగ్గినాక పెరట్లో గంటసేపు ఆట. కాలేజీ పిల్ల అనుప్రియ వచ్చి ఆడిస్తుంది. ఆ తర్వాత హోంవర్కు. టీవీ లేదు. మొదటి రోజు ఇలక్కియ గోడ దాకా పరుగెత్తి కూలబడింది. "ఇడ్లీ కుండ" అన్నారు పిల్లలు. ఆ మాట నా ఇంట్లో ఇంకోసారి వినపడకుండా చేసినాను. ఇప్పుడది తాడాట ఇరవై దాకా ఎగురుతున్నది. నీతో చెప్పిందో లేదో.

ఒక్కటి అడగాలి. పిల్ల మెడ వెనక చూసినావా? వదిన మెడ నీకు జ్ఞాపకం ఉండాలి. ఇంతకు మించి కాగితంలో రాయను. పదహారో దినపు మాటకూ నా దగ్గర జవాబు ఉంది. అదీ కాగితంలో వద్దు. ఒకసారి వచ్చి పో. కాఫీ ఇస్తాను, తాగకపోయినా సరే.

చెల్లెలు,
పట్టమ్మాళ్.


మేట్టుపాళయం,
14-7-2024, ఆదివారం.

పట్టమ్మాళ్‌కు,

నీ కాగితం చదివినాను. మెడ చూసినావా అని అడిగినావు. చూసినాను. నల్లగా చార కట్టి ఉంది. అంటే మా ఇంట్లో పిల్లకు నీళ్ళు పోసే దిక్కు లేదని, మురికితో నీ ఇంటికి పంపుతున్నామని చెప్పుకొచ్చినావు. బ్యాంకు మేనేజరు కూతురు పక్కన నా మనవరాలు మురికిగా ఉందని నీకు నామర్దా అయింది.

ఇవాళ పొద్దున పిల్లకు తల నిండా నూనె పెట్టి, సీకాయ పొడి, బీరపీచు తీసుకొని నేనే కూర్చొన్నాను. తల్లి చేతికి బలం చాలదని నేనే రుద్దినాను. మెడ ఎర్రబడి పిల్ల ఏడ్చేదాకా రుద్దినాను. ఆ నలుపు పోలేదు. పోదు, ఎందుకంటే అది మా ఇంటి మురికి కాదు. నీ పెరటి ఎండ. నాలుగు గంటలకు ఎండ తగ్గుతుందని ఎవరు చెప్పినారు? ఈ ఊళ్ళో ఆరింటికి కూడా నేల కాలుతుంది. పసిపిల్ల మెడ మాడ్చి, నన్ను మెడ చూసినావా అంటావు.

ఇంక అంబుజం మెడ. చచ్చిపోయినదాని మెడ నీకు ఎందుకు గుర్తుకొచ్చింది? ఆమె మెడ చుట్టూ నల్లగా ఉండేది నిజమే. అది తాళి తాడు రాపిడి. నలభై ఏండ్లు పసుపు తాడు, నలభై ఏండ్ల చెమట. మన లైనులో ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేది. నేనే ఆమెతో, "నా తాడు నీ మెడలో అచ్చు పడిపోయిందే" అని వేళాకోళం ఆడేవాణ్ణి. ఆమె నవ్వేది. అది మా మొగుడూ పెండ్లాల సంగతి. దాన్ని పిల్ల మురికితో కలిపి రాసినావు. పదహారో దినాన నోటితో అన్నది చాలక ఇప్పుడు చేత్తో కూడా రాసినావు.

రేపటి నుండి పిల్ల నీ ఇంటికి రాదు. గుణశేఖర్‌తో చెప్పేసినాను. కోడలు ఏదో చెప్పబోయింది, నేను వినలేదు. బడి విడవగానే పాండియన్ ఆటోలో నేరుగా ఇంటికి వస్తుంది. నా పక్కన కూర్చొని, నేను పెట్టింది తింటుంది. ఎదిగే పిల్ల తినాలి. తిననిస్తాను.

నీ కాఫీ నాకు వద్దు.

సు. విజయరంగన్.


లాస్‌పేట,
17-7-2024.

అన్నకు,

పిల్ల రావడం లేదు కనుక ఇది పాండియన్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. నీ చేతికే ఇమ్మన్నాను.

కాగితంలో రాయనన్నాను కదా. తప్పు నాదే. అరకొరగా రాసి నిన్ను ఇంకో దారిలో నడిపించినాను. ఇప్పుడు విప్పి రాస్తాను. ముందు ఆ పీచు అవతల పెట్టు.

వదిన మెడది తాళి తాడు రాపిడి అన్నావు. ఇలక్కియ మెడలో తాళి యాడుంది అన్నా?

అది మురికి కాదు. ఎండా కాదు, ఎండైతే మొగం మీద ఉండదా? పిల్లను దగ్గరికి పిలిచి మెల్లగా తాకి చూడు, మెత్తగా మఖమల్ గుడ్డలాగా ఉంటుంది. చంకలోనూ ఉంటుంది. బాలవాడి వాళ్ళకు పెద్దాస్పత్రిలో ట్రైనింగు ఇచ్చినప్పుడు ఒక డాక్టరమ్మ ఫొటోలు చూపించి చెప్పింది. ఒంట్లో చక్కెర జబ్బు వచ్చే దారిలో ఉందని కొందరికి చర్మం ముందుగానే చెప్పే గుర్తు అది. అందరికీ వస్తుందని కాదు. రక్తం చూస్తేనే నిజం తెలుస్తుంది. పిల్ల నా దగ్గర చేరిన మొదటి రోజే ఆ నలుపు చూసినాను. కయల్విళితో రక్తం పరీక్ష చేయించమన్నాను. లీవు దొరికినప్పుడు అనింది. నువ్వు పెద్దవాడివి, నువ్వు చెప్తే రేపే పోతారని నీకు రాసినాను. నీకు తెలుసనుకొన్నాను. వదిన మెడ చూస్తా నలభై ఏండ్లు బతికినవాడికి తెలియదని నాకు తోచలేదు.

ఇంక పదహారో దినపు మాట. వదిన పోవడానికి ఆరేండ్ల ముందే, ఆ ట్రైనింగు అయిన వారమే, నేను ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయినాను. చక్కెర ఉందని అప్పుడే తేలింది. మాత్రలు బియ్యం డ్రమ్ములో దాచిపెట్టుకొనేది. నీకు తెలిసింది కాలు పుండు పడినాకనే. శనివారం షిఫ్టు దిగి నువ్వు తెచ్చే ఆ జాంగిరి పొట్లం వద్దని చెప్పవమ్మా అని నేను ఎన్నిసార్లు మొత్తుకొన్నానో. ఆమె ఏమనిందో అట్లే రాస్తాను. "మిల్లు మూస్తారో ఏమో అని మీ అన్న వారమంతా మొగం ముడుచుకోనుంటాడు పట్టూ. ఆ పొట్లం నా చేతిలో పెట్టేటప్పుడు ఒక్కటే నవ్వతాడు. అది గూడా వద్దని నేను యాడ చెప్పేది?" నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకొనింది.

ఆ ఒట్టు కోసం నేను నోరు మూసుకొన్నాను. కాలు తీసేసిన రోజు కూడా మూసుకొన్నాను. ఆమె పోయినాక, పందిట్లో, అందరి ముందు తెరిచినాను, అదీ నీ మీదికి. తెలిసి ఊరకున్నది నేను. తెలియక పెట్టింది నువ్వు. మొత్తం తెచ్చి నీ నెత్తిన వేసినాను. ఈ తొమ్మిదేండ్లూ నీ ఇంటి మెట్టు నేనూ ఎక్కలేదంటే కోపంతో కాదు.

పిల్లకు తొమ్మిదేండ్లే. ఇది మారే వయసు. నా మీద కోపం నా మీదే ఉంచుకో. పిల్లను ఆస్పత్రికి తీసుకుపో.

పట్టమ్మాళ్.


మేట్టుపాళయం,
30-7-2024.

పట్టమ్మాళ్‌కు,

నీ కాగితం పాండియన్ ఇచ్చినప్పుడు చదవలేదు. రెండు దినాలు చొక్కా జేబులో తిప్పినాను. చదివినాక నమ్మలేదు. నన్ను లొంగదీయడానికి చచ్చినదాని నోట మాటలు పెట్టి రాసినావని అనుకొన్నాను. అట్లే వారం పోయింది. ఆ వారం పిల్ల నా పక్కన టీవీ ముందు కూర్చొని, నేను తెచ్చిన బన్నులు, మిక్చర్ పొట్లాలు తినింది. అడక్కుండానే తినింది. ఆడుకోదు, మాట్లాడదు. నేను బాగా చూసుకొంటున్నాననే అనుకొన్నాను.

మొన్న శనివారం మధ్యాహ్నం పిల్ల స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకొనింది. ఎంతసేపటికీ రాదు. నీళ్ళ చప్పుడు లేదు. తలుపు తట్టి, తట్టి, గొళ్ళెం ఊడేటట్టు తోసినాను. గిన్నెలు తోమే ఇనుప పీచు చేతిలో పట్టుకొని అది మెడ రుద్దుకొంటున్నది. తోలు లేచిపోయి గౌను మెడపట్టీ అంతా నెత్తురు. ఏడవడం కూడా లేదు. నన్ను చూసి భయపడి, "కొంచెమే ఉండాది తాతా. ఈ మురికి పోతే నన్ను మళ్ళా అవ్వ ఇంటికి పంపతావు గదా" అనింది.

మురికిగా ఉందని నువ్వే దాన్ని వద్దన్నావని ఆ పిల్ల అనుకొనింది. వారమంతా రోజూ రుద్దుకొంటున్నదంట. నా చేతిలో ఆ ఆదివారం బీరపీచు చూసింది కాబట్టి తనకు తానే ఇనుప పీచు తీసుకొనింది. పట్టమ్మాళ్, మిల్లులో బెల్టు తెగి నా కళ్ళ ముందు మనిషి చెయ్యి పోయింది. అప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

కయల్విళి ఇంటికి రాగానే అంతా చెప్పినాను, నీ కాగితం సంగతితో సహా. అరుస్తుందనుకొన్నాను. అరవలేదు. మెడకు మందు రాసి, సోమవారం లీవు పెట్టి, పిల్లనూ నన్నూ ఆస్పత్రికి తీసుకుపోయింది. ఇవాళ రక్తం చీటీ వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగా చెప్పింది. జబ్బు ఇంకా రాలేదంట. అంచులో ఉందంట. మాత్రలు అక్కరలేదు, తిండి మార్చండి, రోజూ గంటసేపు ఒళ్ళు అలిసేదాకా ఆడనివ్వండి, పెందలాడే పడుకోబెట్టండి అనింది. నలుపు రుద్దితే పోదు, ఒళ్ళు కుదుటపడితే మెల్లగా తగ్గవచ్చు అనింది. బడి విడిచినాక యాడ ఉంటుంది, ఏం తింటుంది అని అడిగితే కయల్విళి నీ డేకేర్ సంగతి చెప్పింది. "అక్కడ బాగానే ఉండాది గదా, ఎందుకు మానిపించినారు?" అని డాక్టరమ్మ అడిగింది. కోడలు నా పక్క చూడలేదు. నేనే, "నేను మానిపించినాను" అన్నాను.

కోడలు అంతటితో ఊరుకోలేదు. నిన్న పిల్లకు రక్తం తీసేటప్పుడే, "మామా, మీరు గూడా చెయ్యి చాపండి" అనింది. నాకేం జబ్బు అన్నాను. పిల్ల చూస్తున్నది. చాపినాను. నా చీటీ ఇంకా రాలేదు.

ఇంక అంబుజం మాట. ఆమె పోయినాక సామాను సర్దేటప్పుడు సామి పటాల వెనక ఒక బిస్కెట్ డబ్బా దొరికింది. అందులో జాంగిరీలు, ఎండి రాయి అయినవి, ఏడు. దొంగతనంగా తినడానికి దాచుకొనిందని అనుకొన్నాను. కాలు పోయినా నాలుక చంపుకోలేకపోయిందని మనసులో తిట్టుకొని, ఎవరికీ చెప్పకుండా బావిలో పారేసినాను. నీ కాగితం ఇంకోసారి చదివినాక అర్థమైంది, అవి తినడానికి దాచినవి కావు. తినకుండా తప్పించుకొన్నవి. నా ముందు నోట్లో పెట్టుకొన్నట్టు నటించి, నేను అటు తిరగగానే డబ్బాలో వేసింది. అంతేనా? ఆమె చెప్పిందని నువ్వు రాసిన మాట నిజమేనా? నీ బిడ్డల మీద ఆనగా రాయి.

సోమవారం నుండి పిల్ల నీ ఇంటికి వస్తుంది. సంచిలో ఏమీ ఉండదు.

విజయరంగన్.


లాస్‌పేట,
2-8-2024.

అన్నకు,

నిజం. ఆ మాట ఆమెదే. ఒక్క అక్షరం నాది కాదు. బిడ్డల మీద ఆన.

పిల్ల మెడ సంగతి మళ్ళా మళ్ళా చదివి తిలగానికీ చెప్పినాను. ఇద్దరం ఆ రోజు అన్నం తినలేదు. అవ్వ దాన్ని ఎప్పుడూ వద్దనలేదని చెప్పు. ఇవాళే చెప్పు.

అయితే సోమవారం పంపవద్దు. ఇప్పుడు తీసుకోలేను. అనుప్రియకు పని దొరికింది, నెలాఖరుకు మానేసింది. ఆడించే మనిషి లేదు. పిల్లలు గదిలో కూర్చొని హోంవర్కు చేసి, సుండలు తిని, గోడలు చూస్తున్నారు. ఇలక్కియకు కావలసింది ఆట. అది లేని చోట ఆ పిల్లను కూర్చోబెట్టి ఏమి లాభం? ఇంకో ఇద్దరు పిల్లలను చేర్చుకోమని అడిగితే వద్దన్నాను. ఇట్లే ఉంటే ఈ నెలతో సాయంత్రం డేకేర్ మూసేద్దామని ఉంది. అంతవరకు నువ్వే పొద్దునా సాయంత్రం దాన్ని నడిపించు.

పట్టమ్మాళ్.


మేట్టుపాళయం,
6-8-2024, మంగళవారం.

పట్టమ్మకు,

నీ కాగితం చూసి మొదట నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. నేను పిల్లను మానిపించినాను కాబట్టి నువ్వు బదులు తీర్చుకొంటున్నావని అనుకొన్నాను. అనుప్రియ, పని అన్నీ సాకు అనుకొన్నాను. ఆ మాటే పాండియన్ దగ్గర అనేసినాను కూడా. వాడు ఆటో ఆపి నా మొగం చూసినాడు. "పెద్దాయనా, టీచరమ్మ మోకాలికి కట్టు కట్టుకోని మెట్ల మీద కూర్చోని కూర్చోని దిగతా ఉండాది. నీకు తెల్దా?" అన్నాడు. నువ్వు రాయలేదు. అడిగేవాడు ఉంటే కదా రాసేది.

నువ్వు చెప్పినట్టే పిల్లను నడిపించినాను. శనివారం నుండి రోజూ సాయంత్రం ఐదింటికి రోడ్డు వెంబడి కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకొంటూ పోతున్నాము. మొదటి రోజు నాలుగో స్తంభం దగ్గర ఆగినాము. పిల్ల ఆయాసపడిందని నువ్వు అనుకొంటావు. ముందు ఆయాసపడింది నేను. అది నా చెయ్యి పట్టుకొని, "కూర్చో తాతా, ఎవరూ నవ్వరు" అనింది. నిన్న తొమ్మిదో స్తంభం దాకా పోయినాము. అవ్వ నిన్ను వద్దనలేదే అని చెప్పినాను. మళ్ళా చెప్పు అనింది. తొమ్మిది స్తంభాలకూ తొమ్మిది సార్లు చెప్పించింది.

నా రక్తం చీటీ వచ్చింది. పిల్లది అంచులో ఉంది, నాది అంచు దాటి ఎన్నేండ్లయిందో డాక్టరమ్మకే తెలియలేదు. నాకు మాత్రలు రాసింది, జన్మంతా మింగాలంట. మీ వదిన డ్రమ్ములో దాచుకొని మింగింది. నేను దాచను. అన్నం ముందు కూర్చొని, గుణశేఖరూ పిల్లా చూస్తుండగానే మింగుతున్నాను. పిల్ల లెక్క చూసుకొంటున్నది.

ఇప్పుడు విషయానికి వస్తాను. నీకు ఆడించే మనిషి కావాలి. ఆ మనిషి నేను. అడుక్కొంటున్నానని అనుకోవద్దు, జాలి పడీ ఒప్పుకోవద్దు. మిల్లు చెడుగుడు జట్టుకు నేను ఏడేండ్లు కెప్టెన్‌ని. ఇప్పుడు కూత పట్టలేను, గీత గీయగలను. ఎవడు తొక్కినాడో, ఎవడు తొక్కలేదో చూడగలను. పరుగెత్తలేని పిల్లను ముందు నడిపించి, తర్వాత పరుగెత్తించాలని ఇప్పుడు నాకు తెలుసు. నా ముందు ఎవడైనా ఇంకో పిల్లను ఇడ్లీ కుండ అంటే వాడు ఆ రోజు గీత గీసే పని చేస్తాడు. అరుస్తాను. కొట్టను. నన్ను సార్ అనకూడదు, తాతా అంటే చాలు.

ఇంకొకటి. తిలగం నాకు వేరే పళ్ళెం, వేరే కుర్చీ వేయకూడదు. పిల్లల వరసలో, నాలుగింటికి, కాళ్ళు కడుక్కొని నేనూ కూర్చొంటాను. వాళ్ళకు పెట్టిన సుండలే నాకూ. నేను బయటి నుండి ఏదైనా తెచ్చినానా అని నా సంచి కూడా చూడు. నిబంధన అందరికీ ఒకటేనన్నావు. నీ రిజిస్టర్‌లో పిల్లల పేర్ల కింద నా పేరు కూడా రాయి, వయసు డెబ్బై నాలుగు అని రాయి. అట్లయితేనే వస్తాను. కాపలావాడిగా, అన్నగా మాత్రం రాను.

పదహారో దినపు మాటను నువ్వు వెనక్కి తీసుకోవద్దు. అందులో నీ పాలు నువ్వు పంచుకొన్నావు, మిగిలిన పాలు నాది. దానికి నేను కాగితంలో ఏమీ రాయను. రాయడానికి నాకు అన్ని అక్షరాలు రావు.

గుణశేఖర్‌తో, కయల్విళితో మాట్లాడినాను. శుక్రవారం తొమ్మిదో తేదీ సాయంత్రం పాండియన్ ఆటో తిరిగి వచ్చేలోపల నీ జవాబు నా చేతిలో ఉండాలి. ఫోను వద్దు, వచ్చి చెప్పడమూ వద్దు, నీ కాలు చాపుకొని కూర్చో. కాగితం మీదే రాయి. రెండు పేర్లు చేర్చుకొన్నానని రాయి. ఒక్కటికే చోటుంటే ఇలక్కియది రాసుకో. ఏది రాసినా శుక్రవారం దాటకూడదు. సోమవారం నాలుగింటికి అది ఎవరి చెయ్యి పట్టుకొని నీ మెట్లెక్కాలో దానికి చెప్పాలి, రోజూ అడుగుతున్నది.

నీ అన్న,
విజయరంగన్.